ఎలిజబెత్, మేరీ: ఇద్దరు నటీమణులతో ఇద్దరు రాణుల నాటకం (తరచుగా అడిగే ప్రశ్నలు)

ఇంగ్లండ్ రాణి మొదటి ఎలిజబెత్, స్కాట్లండ్ రాణి మేరీ స్టువర్ట్‌ల వైరాన్ని ఇద్దరే నటీమణులతో తెలుగులో ఆడాలనుకునే నాటక సమాజాలకూ కాలేజీ బృందాలకూ ప్రతిసారీ అవే సందేహాలు వస్తుంటాయి. వాటిని ఇక్కడ ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్నకు ఆ జవాబే సరిపోయేలా రాశాం కాబట్టి మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్ళవచ్చు.

## చరిత్ర

వీళ్ళిద్దరి గొడవ అసలు దేని గురించి? మన ప్రేక్షకుడికి క్లుప్తంగా ఎలా చెప్పాలి?

ఇంగ్లండ్ సింహాసనం గురించి. ఎలిజబెత్ తండ్రి ఎనిమిదో హెన్రీ మొదటి భార్యను వదిలేసి యాన్ బొలీన్‌ను పెళ్ళాడాడు. పోప్ ఆ పెళ్ళిని ఒప్పుకోలేదు. కాథలిక్కుల లెక్కలో పెళ్ళే చెల్లనప్పుడు, 1533లో పుట్టిన ఎలిజబెత్‌కు రాజ్యం మీద హక్కు ఎక్కడిది? మేరీ నాయనమ్మ మార్గరెట్ హెన్రీకి తోడబుట్టిన అక్క. అందుకే 1558లో ఎలిజబెత్ గద్దెనెక్కిన నాటి నుంచీ అసలు వారసురాలు మేరీయే అనేవాళ్ళు ఉన్నారు. మేరీ కూడా ఊరుకోలేదు. మొదటి భర్తతో ఫ్రాన్స్‌లో ఉండగానే తన రాజచిహ్నంలో ఇంగ్లండ్ చిహ్నాన్ని కలుపుకుంది. 1570లో పోప్ ఎలిజబెత్‌ను వెలివేయడంతో బతికున్న మేరీ మరింత ప్రమాదంగా కనిపించింది.

మన ఊళ్ళలో ఆర్‌.సి.ఎం. చర్చి వేరు, ప్రొటెస్టెంట్ చర్చి వేరు అని అందరికీ తెలుసు. కాబట్టి మేరీ కాథలిక్కు, ఎలిజబెత్ ప్రొటెస్టెంట్ అని మతం సంగతి ఒక్క వాక్యంలో తేల్చేసి, వారసత్వం సంగతి నిదానంగా చెప్పించండి. మేనత్త మనవరాలు ఆస్తిలో వాటాకు వచ్చిందంటే మనవాళ్ళకు ఇట్టే అర్థమవుతుంది.

నిజ జీవితంలో ఇద్దరూ ఒక్కసారైనా కలుసుకున్నారా?

లేదు. 1562లో కలుసుకోవాలని ఏర్పాట్లు జరిగాయి గానీ ఫ్రాన్స్‌లో మతయుద్ధం మొదలవడంతో ఆగిపోయాయి. 1568లో మేరీ ఆశ్రయం కోరి ఇంగ్లండ్‌లో అడుగుపెట్టింది. ఆ తర్వాత దాదాపు పంతొమ్మిదేళ్ళు ఎలిజబెత్ నిర్బంధంలోనే గడిపింది. అయినా ఎలిజబెత్ ఒక్కసారీ చూడటానికి వెళ్ళలేదు, పిలిపించుకోనూ లేదు. ఇద్దరూ ముఖాముఖి తిట్టుకునే దృశ్యం 1800లో షిల్లర్ అనే జర్మన్ కవి తన నాటకం కోసం కల్పించింది. అది ఎంతో మంచి దృశ్యం. కానీ ఇద్దరే నటీమణులున్న నాటకానికి ఆ దృశ్యం వద్దనే మా గట్టి అభిప్రాయం. ఒకరినొకరు చూడకుండా ఒకరి గురించే ఒకరు పాతికేళ్ళకు పైగా ఆలోచించిన ఇద్దరు ఆడవాళ్ళ కథ ఇది. ఎదురుపడ్డారంటే ఆ బిగువు సడలిపోతుంది.

స్క్రిప్టులో తప్పకుండా ఉండాల్సిన ఘట్టాలు ఏవి?

మేరీ వైపు నుంచి: 1542 డిసెంబరులో పుట్టింది. ఆరు రోజులకే తండ్రి పోయి రాణి అయింది. అయిదేళ్ళ పిల్లగా ఫ్రాన్స్ వెళ్ళి, అక్కడి యువరాజును పెళ్ళాడి, 1560లో విధవ అయింది. 1561 ఆగస్టులో స్కాట్లండ్ తిరిగొచ్చింది. 1565లో డార్న్లీతో రెండో పెళ్ళి. 1566 మార్చిలో గర్భిణిగా ఉన్న ఆమె ఎదుటే కార్యదర్శి రిజియోను లాక్కెళ్ళి చంపారు. అదే జూన్‌లో కొడుకు జేమ్స్ పుట్టాడు. 1567 ఫిబ్రవరిలో డార్న్లీ హత్య జరిగింది. ఆ హత్య చేశాడని అందరూ వేలెత్తి చూపిన ప్రభువు బాత్‌వెల్‌తోనే మూడు నెలలకు మూడో పెళ్ళి. జూలైలో బలవంతంగా గద్దె దింపారు.

ఎలిజబెత్ వైపు: మూడేళ్ళు నిండకముందే తల్లికి శిరచ్ఛేదం, 1562లో చావు అంచుదాకా తీసుకెళ్ళిన మశూచి, పెళ్ళి చేసుకోమని పార్లమెంటు ఒత్తిడి. ఆ తర్వాత ఇద్దరినీ కలిపేవి ఎలిజబెత్‌ను చంపి మేరీని గద్దెనెక్కించాలన్న 1586 నాటి బాబింగ్టన్ కుట్ర, అక్టోబరులో మేరీ విచారణ, 1587 ఫిబ్రవరి 1న మరణశాసనం మీద ఎలిజబెత్ సంతకం, 8న మేరీ శిరచ్ఛేదం. రిజియో హత్యను మాత్రం తగ్గించకండి. కడుపులో బిడ్డతో ఆ రాత్రి ఆమె పడ్డ భయం తెలియకపోతే ఆ తర్వాత చేసినవన్నీ పిచ్చి పనుల్లా కనిపిస్తాయి.

భర్త హత్యలో మేరీ చేయి ఉందా? నాటకం ఏదో ఒకటి తేల్చాలా?

తేల్చకండి. ఆమె బాత్‌వెల్‌కు రాసినవని చెప్పి ఒక వెండి పేటికలోని ఉత్తరాలను 1568లో సాక్ష్యంగా పెట్టారు. అసలు ప్రతులు తర్వాత కనిపించకుండా పోయాయి. ఉన్నవి నకళ్ళు, అనువాదాలే. నిజమైనవా, మధ్యలో మార్పులు చేసినవా అన్న వాదన ఇప్పటికీ నడుస్తూనే ఉంది. నటికి మాత్రం ఒక జవాబు కావాలి. మేరీ పాత్రధారి తన మనసులో అవునో కాదో నిర్ణయించుకుని ఆడాలి, దర్శకుడికి తప్ప ఎవరికీ చెప్పకూడదు. నిర్ణయం లేకుండా ఆడితే ఆ ఘట్టం నీరుగారిపోతుంది.

మేరీ మరణం కొన్ని పాత పత్రాల్లో 1586 అని ఉంది. ఏది సరైనది?

1587 ఫిబ్రవరి 8 సరైనది. అప్పటి ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది కాబట్టి ఆనాటి పత్రాల్లో ఫిబ్రవరి నెల పాత సంవత్సరం కిందే పడింది. కరపత్రం మీద 1587 అనే వేయండి.

## స్క్రిప్టు, హక్కులు

పాత నాటకాన్ని తెలుగు చేసి ఆడితే ఎవరి అనుమతి అయినా కావాలా?

మన దేశంలో రచయిత చనిపోయాక అరవై ఏళ్ళు హక్కులు ఉంటాయి. షిల్లర్ 1805లో పోయాడు కాబట్టి అతని జర్మన్ మూలం అందరిదీ. చిక్కు అనువాదాలతో వస్తుంది. మీరు చూసి తెలుగు చేసుకునే ఇంగ్లిషు అనువాదానికి వేరే హక్కు ఉంటుంది, ఆ అనువాదకుడు బతికి ఉండవచ్చు కూడా. టికెట్ లేకుండా ఔత్సాహిక సంఘం ఉచితంగా ఆడే ప్రదర్శనకు చట్టంలో మినహాయింపు ఉంది గానీ, టికెట్ పెట్టినా, వీడియో తీసి యూట్యూబ్‌లో పెట్టినా ఆ మినహాయింపును నమ్ముకోవద్దు. చరిత్రకు ఎవరి హక్కూ లేదు. ఉత్తరాలు, విచారణ వివరాలు చదువుకుని సొంతంగా రాసుకోవడమే మేలు.

ఇద్దరూ ఎదురుపడకపోతే గంటా పావు నాటకం ఎలా నడుస్తుంది?

ఉత్తరాలతో, మధ్యలో ఉన్న ఖాళీతో. ఒకరు ఉత్తరం రాస్తుంటే రెండో ఆమె అదే సమయంలో దాన్ని చదువుతుంది. రాసేటప్పుడు ఉన్న స్వరం వేరు, చదివేటప్పుడు వినపడే స్వరం వేరు. "మీ దర్శనం కోసం ఎదురుచూస్తున్నాను" అన్న వాక్యాన్ని మేరీ ప్రాధేయపడుతూ రాస్తుంది, ఎలిజబెత్ బెదిరింపులా చదువుతుంది. నాటకం అక్కడ పుడుతుంది.

రెండో పనిముట్టు, ఆరా తీయడం. 1564లో మేరీ దూత మెల్విల్ లండన్ వచ్చినప్పుడు ఎలిజబెత్ అడిగిన ప్రశ్నలను అతను తన జ్ఞాపకాల్లో రాసిపెట్టాడు. ఎవరి జుట్టు బాగుంటుంది, ఎవరు అందగత్తె, ఎవరు పొడవు, ఎవరు వాద్యం బాగా వాయిస్తారు అని వరసగా అడిగింది. మేరీయే పొడవని అతను అంటే, అయితే ఆమె మరీ పొడవు, నేను ఎక్కువా కాదు తక్కువా కాదు అంది. ఈ ఘట్టంలో ఎలిజబెత్‌ను అద్దం ముందు కూర్చోబెట్టండి. అద్దం చట్రం ఖాళీగా ఉండాలి, దాని అవతల మేరీ తన గదిలో జుట్టు దువ్వుకుంటూ ఉండాలి. ఇద్దరి చూపులూ కలవకూడదు.

మూడోది చరిత్రే ఇచ్చిన కానుక. ఫాదరింగే కోటలో విచారణ జరిగిన హాలులో ఎలిజబెత్ కోసం ఒక సింహాసనం వేసి ఖాళీగా ఉంచారు. మేరీకి వేసిన కుర్చీ వేరు. ఆమె వాదించింది ఆ ఖాళీ కుర్చీతోనే అనుకోండి. ఈ ఒక్క ఘట్టానికి పది పన్నెండు నిమిషాలు ఇవ్వవచ్చు.

మంత్రులు, భర్తలు, దూతలు... ఇంతమంది మగవాళ్ళను ఏం చేయాలి?

తెర వెనక నుంచి మగ గొంతు వినిపించే పద్ధతి మానేయండి. రికార్డు చేసిన గొంతు వచ్చినప్పుడల్లా వేదిక మీద నటి జవాబు కోసం కాచుకుని నిలబడాల్సి వస్తుంది. ఒక్క క్షణం అటూఇటూ అయినా నవ్వులపాలవుతుంది. మంచి దారి ఏమిటంటే, ఒక రాణి ఘట్టంలో దూత అవసరమైతే రెండో నటి గోధుమరంగు శాలువా కప్పుకుని ఆ పాత్ర వేస్తుంది. మేరీ దూతగా ఎలిజబెత్ నటి, ఎలిజబెత్ దూతగా మేరీ నటి. శాలువా వేయడం, తీయడం ప్రేక్షకుల ఎదుటే జరగాలి. ఇలాంటి ఘట్టాలు నాలుగు మించితే ఎవరు ఎవరో తెలియక తికమక పడతారు. ఎలిజబెత్ మంత్రి వాల్సింగ్‌హామ్ ఎప్పుడూ కనిపించకపోతేనే భయం. మేరీ బీరు పీపాల్లో దాచి పంపిన రహస్య ఉత్తరాలను అతని మనుషులు విప్పి, చదివి, తిరిగి అతికించి పంపిన తీరును మేరీ నటి చేతిలోని ముద్ర విరగని ఉత్తరంతోనే చూపించవచ్చు.

ఒకరినొకరు తెలుగులో ఏమని పిలుచుకోవాలి?

ఉత్తరాల్లో ఇద్దరూ సోదరి అనే రాసుకున్నారు, అది రాజుల మర్యాద. ఎలిజబెత్ తొమ్మిదేళ్ళు పెద్ద. కాబట్టి మేరీ "అక్కగారూ" అని, ఎలిజబెత్ "చెల్లెలా" అని రాస్తే సహజంగా ఉంటుంది. మన వరసలు కడితే మేరీ ఎలిజబెత్‌కు మేనత్త కొడుకు కూతురు, అంటే కూతురి వరసే అవుతుంది. ఆ వరసను నాటకంలోకి తేవద్దు. "పిన్నీ" అనిపిస్తే మేరీ చిన్నదైపోతుంది. తాను సమానురాలినన్న పట్టుదలే ఆమె బలం. ఉత్తరాల్లో చివరిదాకా "మీరు" ఉండాలి. ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం "అది", "దాని" అని నోరు జారవచ్చు.

స్క్రిప్టు ఎంత పొడవు ఉండాలి?

వేదిక మీద నిదానంగా పలికితే నిమిషానికి 80 మాటల లెక్క వేసుకోండి. 75 నిమిషాలకు 6,000 మాటలు మించకూడదు. పరిషత్తు పోటీలకు నాటికగా కుదిస్తే గంట లోపు ఉండాలి, పాత్రల సంఖ్య మీద నియమం ఉందేమో దరఖాస్తుకు ముందే కనుక్కోండి. విదేశాల్లో తెలుగు సంఘాల వేడుకల్లో సమయం ఇంకా తక్కువ ఇస్తారు. అక్కడికి విచారణ, సంతకం, చివరి ఉదయం, ఈ మూడే చాలు.

## నటీమణులు, రిహార్సల్

ఎవరికి ఏ పాత్ర ఇవ్వాలి?

మేరీ దాదాపు ఆరడుగుల మనిషి. పొడవైన నటి దొరికితే మంచిదే, దొరక్కపోతే పాత్ర ఆగిపోదు. అంతకంటే గొంతులు ముఖ్యం. ఇద్దరి గొంతులూ ఒకే శ్రుతిలో ఉంటే ఉత్తరాల ఘట్టాల్లో ఎవరు మాట్లాడుతున్నారో వెనక వరసకు తెలియదు. మరణ సమయానికి మేరీకి 44, ఎలిజబెత్‌కు 53. పాతికేళ్ళ అమ్మాయిలతో ఆడించినా ఫరవాలేదు గానీ మేరీ మోకాళ్ళ నొప్పులు, కీళ్ళవాతం నడకలో కనిపించాలి. ఇద్దరూ రెండు పాత్రలూ చేయగలిగినవాళ్ళయితే లండన్ అల్మేడా థియేటర్‌లో 2016లో చేసినట్టు ప్రతి ప్రదర్శనకూ నాణెం తిప్పి పాత్రలు తేల్చవచ్చు. దానికి రిహార్సల్ రెట్టింపు కావాలి, కొత్త బృందాలు దాని జోలికి పోకపోవడమే మంచిది.

మా రిహార్సల్‌లో ఇది సవతుల కొట్లాటలా కనిపిస్తోంది. ఎందుకు?

మూతి తిప్పడం, చేతులు ఊపడం, ఎత్తిపొడుపు స్వరం మన వేదికకు అలవాటైన సత్యభామ బాణీ నుంచి తెలియకుండానే వచ్చేస్తాయి. వీళ్ళు ఒక మగవాడి కోసం పోట్లాడుకోవడం లేదు. ఒకామెకు గద్దె పోతే తల కూడా పోతుంది, రెండో ఆమెకు తల్లి తల పోయిన సంగతి గుర్తుంది. రిహార్సల్‌లో ఒక వారం పాటు చేతులు కదపకుండా, బల్ల మీద ఆనించి డైలాగు చెప్పించండి. వెక్కిరింపు రావాల్సిన ప్రతిచోటా భయం ఏమిటో నటి చెప్పగలగాలి. దీనితో నాటకం సగం దారిలో పడుతుంది.

ఎన్ని రోజుల రిహార్సల్ కావాలి?

సాయంత్రం రెండు గంటల చొప్పున ఆరు వారాలు. మొదటి వారం కూర్చుని చదవడం, రెండు, మూడు వారాలు ఉత్తరాల ఘట్టాలు, నాలుగో వారం కదలికలు, అయిదో వారం నుంచి బరువైన గౌన్లతో. గౌను చివరి రోజే తొడిగితే మెట్టు ఎక్కేటప్పుడు అంచు తొక్కి పడటం ఖాయం. ప్రాంప్టర్‌ను నమ్ముకోవద్దు. ఇద్దరే ఉన్న వేదిక మీద పక్క తెర నుంచి వచ్చే గుసగుస మూడో వరసదాకా వినిపిస్తుంది.

## వేషం, సెట్టింగు, లైట్లు, మైకు

మెడ చుట్టూ ఉండే ఆ మడతల కాలర్ ఎలా చేసుకోవాలి?

దాన్ని రఫ్ అంటారు. ఆర్గండీ గుడ్డను 4 అంగుళాల వెడల్పు పట్టీలుగా కత్తిరించి, కలిపి కుట్టి సుమారు 6 మీటర్ల పొడవు చేయండి. బయటి అంచులో సన్న నైలాన్ దారం, చేపల గాలానికి వాడేది, పెట్టి మడిచి కుడితే అంచు నిలబడుతుంది. గంజి పెట్టి ఇస్త్రీ చేసి, ఎనిమిది అంకె ఆకారంలో మడతలు వేస్తూ 15 అంగుళాల మెడ పట్టీకి బిగించి కుట్టండి. వెనక హుక్కులు. చెమటకు గంజి దిగిపోతుంది కాబట్టి ఎలిజబెత్‌కు రెండు చేసి ఉంచుకోవాలి. కాగితంతో చేసినవి ఫొటోకు బాగుంటాయి, తల తిప్పితే మాత్రం చప్పుడవుతుంది.

ఎలిజబెత్ ముఖం తెల్లగా ఉండాలా?

నాటకం మొదట్లో వద్దు. నటి సొంత రంగుతోనే ఆడాలి, మేరీ కూడా అంతే. తెల్లపూత ఎలిజబెత్ తరువాతి వయసుకు గుర్తు, అప్పట్లో సీసం కలిసిన పూత వాడేవాళ్ళు. వేదిక మీద ఆమె చేత్తో ఆమే పూసుకుంటున్నట్టు చూపించండి, పదవిని ముఖానికి పులుముకున్నట్టు ఉంటుంది. దానికి ఒంటి రంగుకన్నా రెండు ఛాయలు తేలికైన పాన్‌కేక్ మేకప్ చాలు. మెడకూ చేతులకూ పూయడం మరిచిపోతే తల ఒక్కటే అతికించినట్టు కనిపిస్తుంది.

సెట్టింగు తక్కువ ఖర్చుతో ఎలా?

రెండు బల్లలు, రెండు స్టూళ్ళు, మధ్యలో ఒక ఎత్తు వీపు కుర్చీ. ప్రేక్షకుల ఎడమవైపు 9 అంగుళాల ఎత్తు ప్లాట్‌ఫారం ఎలిజబెత్‌ది. కుడివైపు నేలమట్టం మేరీది, ఆమె దగ్గర ఎంబ్రాయిడరీ చట్రం ఒకటి. నిర్బంధంలో ఏళ్ళ తరబడి ఆమె కుడుతూనే ఉంది. మేరీ వెనక ఒక చిన్న ఎర్ర పందిరి గుడ్డ వేలాడదీయండి, అది ఆమె రాణీత్వానికి గుర్తు. తీర్పు తర్వాత ఆమె కాపలా అధికారి పాలెట్ దాన్ని పీకి పడేయించాడు. ఆ చోట మేరీ శిలువ పెట్టుకుంది. ఆ గుడ్డ జారి కిందపడే క్షణం ఏ డైలాగూ లేకుండా పండుతుంది. దాన్ని రెండు గుండుసూదులకు వేలాడదీసి, వెనక నుంచి దారం లాగితే సరి.

లైట్లు ఎలా పెట్టాలి? మేరీ ఎర్ర దుస్తులు నల్లగా కనిపించాయి, ఏం చేయాలి?

నీలం లైటు కింద ఎరుపు నల్లబడుతుంది. మేరీ జైలు ఘట్టాలకు నీలం వాడినా, చివరి ఘట్టానికి తెలుపు లేదా లేత పసుపుకు మార్చాలి. ఎలిజబెత్ వైపు ఎప్పుడూ పసుపు ఛాయ ఉంచండి. మేరీ చుట్టూ ఉన్న వెలుగు వృత్తం మొదట పది అడుగులు, చివరికి నాలుగు అడుగులకు తగ్గితే ఏళ్ళు గడిచాయని ఎవరూ చెప్పనక్కర్లేదు.

కాలర్ మైకు గరగరమంటోంది. ఎక్కడ పెట్టాలి?

రఫ్ గుడ్డ తగిలి వచ్చే చప్పుడది. మైకును విగ్గు ముందు అంచున, నుదుటి మీదికి తెచ్చి టేపుతో అంటించండి. వైరు వీపు మీదుగా దించాలి. మేరీ చివరి ఘట్టంలో పై గౌను తీసేస్తుంది కాబట్టి ఆమె ట్రాన్స్‌మిటర్ లోపలి పావడా నడుముకే కట్టి ఉండాలి.

## చివరి ఘట్టం, ప్రదర్శన రోజు

శిరచ్ఛేదాన్ని వేదిక మీద చూపించాలా?

చూపించకండి. గొడ్డలి వేటు ఒక్కదానితో పని కాలేదని, తల ఎత్తబోతే విగ్గు ఊడి నెరిసిన పొట్టి జుట్టు బయటపడిందని, ఆమె పావడా మడతల్లో పెంపుడు కుక్కపిల్ల దాక్కుని ఉందని చూసినవాళ్ళు రాశారు. ఇవన్నీ ప్రదర్శిస్తే భయానకం పండదు, కొన్నిసార్లు నవ్వు వస్తుంది. చూపించాల్సింది బట్టలు మార్చడం. నల్ల గౌను విప్పితే లోపల ముదురు ఎరుపు, కాథలిక్కులకు మతం కోసం ప్రాణమిచ్చినవారి రంగు. ఆమె ముందే ఆలోచించి తొడుక్కున్న దుస్తులవి. నల్ల గౌనుకు ముందువైపు ప్రెస్ బటన్లు పెట్టండి. వెల్‌క్రో అయితే నిశ్శబ్దంలో చర్రుమని చిరిగిన శబ్దం వస్తుంది. నిజానికి దాసీలు విప్పారు గానీ, ఇక్కడ మేరీ ఒక్కతే విప్పుకోవాలి. ఈ ఘట్టంలో ఎలిజబెత్ నటి శాలువాతో వస్తే ప్రేక్షకుడి దృష్టి చెదురుతుంది.

సంతకం ఘట్టంలో ఎలిజబెత్ ఏడవాలా?

ఏడవకూడదు. మరణశాసనం మీద సంతకం చేసి కార్యదర్శి డేవిసన్‌కు ఇచ్చింది. శిక్ష అమలయ్యాక, పంపమని తాను చెప్పలేదంటూ అతన్ని లండన్ టవర్ అనే కోట జైలులో పెట్టించింది. మేరీ కొడుకు జేమ్స్‌కు ఉత్తరం రాసి, అది తన ఉద్దేశం కాదంది. కాబట్టి ఏడెనిమిది కాగితాల కట్ట పెట్టండి, ఒక్కొక్కటీ చదవకుండా సంతకం చేస్తూ పోవాలి. ఒక కాగితం దగ్గర మాత్రం చేయి కాస్త నెమ్మదించి, మళ్ళీ అదే వేగంతో సాగాలి. కన్నీళ్ళు పెడితే ప్రేక్షకులు ఆమెను క్షమించేస్తారు, ఆ తర్వాత ఉత్తరం అబద్ధమో నిజమో ఆలోచించరు.

ప్రదర్శన రోజు వస్తువుల విషయంలో ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

నెమలి ఈక కలం వద్దు, తెల్ల బాతు ఈక తీసుకుని లోపల బాల్‌పెన్ రీఫిల్ దూర్చండి. సిరాబుడ్డి ఖాళీగా ఉండాలి, లేకపోతే ఏదో ఒక రోజు గౌను మీద పడుతుంది. ప్రతి ఉత్తరం మీదా వెనకవైపు పెన్సిల్‌తో ఘట్టం అంకె వేయండి. చీకట్లో తప్పుడు ఉత్తరం చేతికొస్తే నటి కళ్ళు మాట కోసం వెతుక్కుంటాయి. ముద్ర విరిచే ఉత్తరాలకు అసలు లక్క వాడితే పొడి రాలి కాలికింద జారుతుంది. ఎర్ర కొవ్వొత్తి మైనం చాలు. ముద్ర విరిచేవి, చించేవి ప్రతి ప్రదర్శనకూ కొత్తవి కావాలి, పది ప్రదర్శనలకు సరిపడా ఒకేసారి రాయించి డబ్బాలో పెట్టుకోండి.